తాతయ్యగారి పావు

పోయిన నెల మా తమ్ముడు పలివెలలో పాత వంటిల్లు పడగొట్టిస్తూ, అటక మీద నుంచి దించిన సామానులో ఎవరికి కావలసింది వాళ్లు పట్టుకెళ్లమని కబురు చేశాడు. కొత్తపేట నుంచి నేను ఆటో కట్టించుకుని వెళ్లేసరికే గంగాళాలు, కాగులు, ఇత్తడి బిందెలు మా అన్నయ్య కోడలు ఏరుకుని వెళ్లిపోయింది. నాకు మిగిలినవి పిడి ఊడిన అట్లకాడ, అడుగు లేని జల్లెడ, ఒక ఇత్తడి మూత. అది మరచెంబు మూత. ప్రయాణాల్లో మంచినీళ్లు పట్టుకెళ్లడానికి మర తిప్పి మూత బిగించే చెంబులు వెనకటికి అందరిళ్లలోనూ ఉండేవి. మా చెంబును ఎవరో ద్రాక్షారామం సత్రంలో మరిచిపోయి వచ్చారు. మూత అప్పటికే వంటింట్లో వేరే ఉద్యోగంలో కుదురుకుంది కాబట్టి ఆ ప్రయాణానికి వెళ్లలేదు, బతికిపోయింది. నేను దాన్ని పైటచెంగుతో తుడిచి సంచిలో వేసుకుంటుంటే తమ్ముడు నవ్వాడు.

"చెంబు లేకుండా మూతేం చేసుకుంటావక్కా?"

"దీని ధర్మమా అని నేను ఏడో తరగతి ఈ ఇంట్లో ఉండి చదివేనురా."

"పళ్లు పీకించుకుంటే మతి కూడా పోతుందని డాక్టరుగారు ముందే చెప్పలేదా నీకు?"

నిరుడు వేసవిలో నా పళ్లన్నీ తీసేసి సెట్టు కట్టారు. అప్పటి నుంచి ఇంట్లో ప్రతివాడికీ నేనంటే లోకువే. అయినా వాడికి ఆ మూత సంగతి గుర్తు లేకపోవడంలో వింత లేదు. ఆ రోజుల్లో వాడికి రొట్టె తినడం తప్ప లోకంలో మరో వ్యాపకం ఉండేది కాదు.

ఆ రొట్టె గురించి చెప్పాలి. మా నాన్నగారి అమ్మను మేం మామ్మ అనేవాళ్లం. మామ్మ దిబ్బరొట్టె కాల్చే పొద్దున ఎవర్నీ లేపే పని ఉండేది కాదు, వాసనే లేపేది. మినప్పప్పు రుబ్బి, బియ్యపురవ్వ కలిపి, మందపాటి ముకుట్లో నూనె పోసి పిండి దిమ్మరించేది. కింద కొబ్బరికాయ ఒలిచిన డొక్కల సెగ, పైన మూత మీద నిప్పులు. రొట్టె అంచు ఎర్రగా కరకరలాడుతూ, నడుమ దూదిలా మెత్తగా, వేలెడు మందాన పొంగి వచ్చేది. పెద్ద రొట్టె వేసే ముందు ముకుడు కాలిందో లేదో చూడ్డానికని అరచేతంత చిన్న రొట్టె ఒకటి వేసేది మామ్మ. దాంట్లో జీడిపప్పు ఎందుకు పడేదో, పైన నెయ్యి ఎందుకు కారేదో మాకు అర్థమయ్యేది కాదు. గోడ వైపు తిరిగి, ఆ పరీక్ష రొట్టెను వేడివేడిగా తనే తినేసి మూతి తుడుచుకునేది. "మాకో?" అని అడిగితే, "అది లెక్కలోకి రాదే" అనేది. ఇంట్లో ఆడవాళ్లు అందరూ తిన్నాక మిగిలింది తిని బతికేవారని కథల్లో చదివినప్పుడల్లా నాకు మా మామ్మ గుర్తొచ్చి నవ్వొస్తుంది.

తరవాత లెక్కలోకి వచ్చే రొట్టె. దానికి వాటాదారులు నలుగురు. మా తాతయ్యగారు, అన్నయ్య, నేను, తమ్ముడు. తాతయ్యగారికి పళ్లు నేను పుట్టకముందే పోయాయి. కాకినాడ వెళ్లి సెట్టు కట్టించుకున్నారు గానీ, దాన్ని పెళ్లిళ్లకీ, పెద్దమనుషుల దగ్గరికి వెళ్లేటప్పుడూ మాత్రమే పెట్టుకునేవారు. పెట్టుకుంటే మాటల మధ్య ఈల వచ్చేది, పెట్టుకుని తినడమైతే ఆయన వల్ల కాలేదు. అందుకని మామ్మ రొట్టె మధ్యలో ఈ ఇత్తడి మూత బోర్లించి, బలంగా నొక్కి, ఒక్క తిప్పు తిప్పేది. నడుమ మెత్తటి భాగం గుండ్రంగా ఊడివచ్చేది. దాని పేరు తాతయ్యగారి పావు. మిగిలిన అంచంతా మూడు ముక్కలై మా ముగ్గురికీ వచ్చేది. అల్లప్పచ్చడితోనో, చెరకు పానకంలో ముంచుకునో మేం కరకరా నములుతుంటే, తాతయ్యగారు తన మెత్తటి పావును పానకంలో నానబెట్టుకుంటూ, "ఆ చప్పుడు కాస్త తగ్గించండ్రా, మనిషన్నవాడు ఇక్కడ కూర్చోవాలా అక్కర్లేదా" అనేవారు. ఆయన చూపు మాత్రం మా అంచుల మీదే ఉండేది. ఆయన ఎక్కువ తక్కువల గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన దిగులంతా ఆ కరకర గురించే.

ఇలాంటి ఇంట్లో పెరిగిన నాకు లెక్కల్లో మార్కులు రాలేదంటే తప్పు నాదని ఎలా అంటారు? ఏడో తరగతిలో భిన్నాలు, దశాంశాలు, శాతాలు మూడూ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. మొదటి పరీక్షలో తప్పాను. కాలవ లాకుల దగ్గర ఉద్యోగం చేసే మా నాన్నగారు నీటి మట్టాలు రోజూ దశాంశాల్లో రాసుకునే మనిషి. ఆయనకి నా పేపరు చూసి తలకొట్టేసినట్టయింది. భోజనాల దగ్గర అందరి ముందూ తీర్పు చెప్పేశారు.

"అర్ధసంవత్సర పరీక్షలో ముప్పై అయిదు రావాలి. రాలేదనుకో, రాజమండ్రి హాస్టల్లో వేసేస్తాను. అక్కడైతే పొద్దున్నే లేపి చదివిస్తారు."

ఇల్లు వదిలి వెళ్లాలని నాకు లేదు. మామ్మ పక్కలో, ఆవిడ చీరకుచ్చెళ్లు గుప్పెట్లో పట్టుకుని తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. ఏడో తరగతి పిల్ల ఈ మాట బయటికి ఎలా చెప్పుకుంటుంది? చెప్పలేదు. మామ్మ మాత్రం, "హాస్టల్లో రొట్టెలు మైదాతో చేస్తారుట" అని ఎవరితోనూ కాకుండా పొయ్యితో అంది. ఆ మాటకి నా భయం రెట్టింపయింది.

మర్నాటి నుంచి ఇల్లంతా నాకు లెక్కలు నేర్పడానికి నడుం కట్టింది. ఆ సాయం లేకపోతే నాకు ఇంకో పది మార్కులు వచ్చేవని ఇప్పటికీ నా నమ్మకం. దశాంశాలు మామ్మ పుచ్చుకుంది. చుక్క దగ్గరే నాకు తికమక అని విని, "చుక్కంటే భయమేవిటే? ముగ్గులో ముందు చుక్కలన్నీ సమానంగా పెట్టుకుంటామా, ఆనక గీతలు కలుపుతామా. ఇదీ అంతే" అంది. నాకు బాగా నచ్చింది. మూడువందల ఇరవై అయిదులో అంకె అంకెకీ మధ్య ఓ చుక్క పెట్టి, ఎడం కూడా సమానంగా చూసుకుని, బళ్లో చూపించాను. మా లెక్కల మాస్టారు దేవదానం గారు పుస్తకం దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"సంఖ్యా అమ్మా ఇది, ముగ్గా?"

మాస్టారు ఎవర్నీ కొట్టేవారు కాదు. వాళ్లింట్లో తాతల నాటి నుంచీ అందరూ పంతుళ్లే. కొట్టకుండా చదువు చెప్పడం వాళ్ల వంశంలో ఉందనేవారు. ఆయన చేతిలో ఉన్న ఒకే ఆయుధం "ఆయ్". మా వైపు అందరూ ఔనని చెప్పడానికి వాడే ఆ మాటను ఆయన పదిరకాలుగా పలికేవారు. తెలిసిందన్న ఆయ్ వేరు, ఇక నీ ఖర్మన్న ఆయ్ వేరు. ఆ రోజు రెండోది వినిపించింది.

శాతాలు తాతయ్యగారి వాటా. మాకు చిన్న కొబ్బరితోట ఉండేది. దింపు రోజున కాయలు లెక్కపెట్టేటప్పుడు వందకి నాలుగు కాయలు కొసరు వెయ్యకుండా కుప్ప పక్కకి జరపనిచ్చేవారు కాదు తాతయ్యగారు. "శాతం అంటే నూటికి ఇంత అని. అర్థమైందా? వందంటే నూటనాలుగమ్మా. ఆ నాలుగూ వెయ్యని చెయ్యి ఏం చెయ్యి?" అని బోధించారు. రెండువందల్లో ఇరవై అయిదు శాతం ఎంత అని మాస్టారు అడిగినప్పుడు, క్లాసులో అందరికన్నా ముందు నేనే చెయ్యెత్తాను.

"యాభై రెండండి."

"ఆయ్. ఆ పైన రెండూ ఎక్కణ్ణించి వచ్చేయమ్మా?"

"కొసరండి."

క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. మాస్టారు నవ్వలేదు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఇక భిన్నాల దగ్గర మాత్రం నాకు ధైర్యంగానే ఉండేది. వారానికి మూడు నాలుగు పొద్దులు పావులు తిని పెరిగినదాన్ని, పావు అంటే నాకు ఒకరు చెప్పాలా? పరీక్షలో వృత్తం గీసి నాలుగో వంతు షేడ్ చేయమని ఒక మార్కు ప్రశ్న వచ్చింది. దేవుడే పంపాడనుకున్నాను. వృత్తలేఖినితో చక్కగా వృత్తం గీశాను. రొట్టె మీద మామ్మ మూత ఎక్కడ కూర్చుంటుందో కళ్లముందు తెచ్చుకుని, వృత్తలేఖిని సగానికి కుదించి, అదే కేంద్రం మీద లోపల చిన్న వృత్తం గీశాను. దాన్ని పెన్సిలుతో నున్నగా నలుపు చేశాను. పేపరు మొత్తంలో నేను తడుముకోకుండా రాసిన జవాబు అదొక్కటే.

పేపర్లు ఇచ్చిన రోజు నాకు వచ్చినవి ముప్పై నాలుగు. నా వృత్తం పక్కన ఎర్రసిరాతో సున్నా, ఆ పక్కనే మాస్టారి గుండ్రటి దస్తూరీలో ఒక వాక్యం. "ఇది గారె. నాలుగో వంతు కాదు."

నాన్నగారు సంతకం పెట్టారు. అటక మీంచి రేకుపెట్టె దించి దుమ్ము దులిపారు. తిట్టినా బాగుండేది. నేను వెళ్లి ధాన్యం గాదె వెనకాల కూర్చుని ఏడ్చాను. సాయంత్రం తాతయ్యగారు నా పేపరు తెప్పించుకుని, భూతద్దం పెట్టి మొదటి నుంచీ చదువుతూ వచ్చారు. తప్పుల దగ్గర తల ఊపారు. పరీక్షలోనూ అదే లెక్క వస్తే నేను మళ్లీ వేసిన యాభై రెండుకి మాత్రం, "ఇది తప్పెలా అవుద్దీ?" అని గొణిగారు. వృత్తం దగ్గరికి వచ్చేసరికి భూతద్దం ఆగిపోయింది.

"ఇదేవిటమ్మా? ఇది నా పావు కదూ?"

"ఔను తాతయ్యా."

"నా పావుకి సున్నా వేసేడా!"

ఆయన లేచి నిలబడ్డారు. నా హాస్టలు సంగతి అప్పుడాయనకి గుర్తుందో లేదో చెప్పలేను. ఇన్నేళ్లుగా తను తింటున్నది గారె అని ఊరి పంతులు ఎర్రసిరాతో రాసివ్వడం ఆయనకి భరించరాని సంగతైంది.

ఆ ఆదివారం మామ్మ రొట్టె కాల్చింది. దాన్ని కొయ్యకుండా పళ్లెంలో పెట్టి గుడ్డ కట్టి, పైన ఈ మూత పెట్టి ఇచ్చింది. తాతయ్యగారు ఇస్త్రీ పంచె కట్టుకుని, పళ్లసెట్టు పెట్టుకుని ముందు నడుస్తుంటే, పేపరూ పళ్లెమూ పట్టుకుని నేను వెనకాల నడిచాను. చర్చి నుంచి అప్పుడే వచ్చిన మాస్టారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. తాతయ్యగారిని చూసి గబగబా లేచి కుర్చీ వేశారు. మా వైపు ఇద్దరు పెద్దమనుషులు పోట్లాడుకుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఒక్క మాట ఎక్కువైనా దానికి అండీ తగిలించకుండా వదలరు.

"తవరు తప్పుగా వేసేరని కాదండి," అన్నారు తాతయ్యగారు, మధ్యలో ఈల వస్తుండగా.

"అయ్యో, అంతమాటెందుకండి. తవరు పెద్దోరు. నాలుగో వంతంటే మాత్రం మధ్యలోంచి అడ్డంగా ఓ గీత, నిలువుగా ఓ గీత గియ్యాలండి."

"గియ్యండి, కాదన్లేదండి. గీస్తే నా వంతుకి అంచు వస్తాదండి. ఆ అంచు నేనేం చేసుకుంటానండి?"

మాస్టారికి అర్థం కాలేదు. తాతయ్యగారు ఒక్క క్షణం ఆలోచించి, ఇక మొహమాటపడితే లాభం లేదని, పళ్లసెట్టు తీసి రుమాలు పరిచి దానిమీద పెట్టారు. "ఇదండి నా పరిస్తితి" అన్నారు, ఈసారి ఈల లేకుండా. తరవాత రొట్టె మీద మూత బోర్లించి, మామ్మ చేసినట్టే నొక్కి తిప్పారు. నడుమ భాగం గుండ్రంగా లేచి వచ్చింది. "ఇది నా పావండి. మిగతా మూడు పావులూ పిల్లలవండి. మా ఇంట్లో పావంటే ఇదేనండి. పిల్ల ఇంట్లో చూసిందే రాసింది."

"ఇంట్లో పావని పిల్చుకుంటే సరిపోదండి. కొలతకి నిలబడాలి కదండీ."

"కొలవండి మరి."

మాస్టారు లోపలికి వెళ్లి స్కేలు తెచ్చారు. పళ్లెంలో రొట్టె ఈ అంచు నుంచి ఆ అంచుకి ఎనిమిది అంగుళాలు. మూత నాలుగు. నా పేపరు మీద రెండు వృత్తాలూ కొలిచారు, అక్కడా లోపలిది బయటిదానిలో సరిగ్గా సగం. ఆయన పెదవులు కదులుతున్నాయి. స్కేలు కింద పెట్టారు. "ఆయ్" అన్నారు. నేనంతకు ముందెప్పుడూ వినని ఆయ్ అది.

"అడ్డానికి సగం ఉందండి. పొడుక్కీ సగం ఉందండి. సగంలో సగం ఎంతండి?"

"పావండి," అన్నారు తాతయ్యగారు అనుమానంగా.

"పావే అండి. తూచినట్టు పావండి. నేనే చూసుకోలేదు."

తాతయ్యగారి మొహం వెలిగిపోయింది. మామ్మకి కొలతలేం తెలియవు. ఆ తరవాత అడిగితే, "చేతికి ఆ మూతే వచ్చింది, నొక్కేను" అంది. మాస్టారు మాత్రం అక్కడితో వదల్లేదు. రొట్టె నడుమ ముక్కనీ అంచునీ పక్కపక్కన పెట్టి చూసి, "కాయితం మీద పావేనండి. కానీ రొట్టె నడుమ దళసరి కదండీ. తవరికి ఇన్నాళ్లూ పావుకన్నా కాస్త ఎక్కువే ముడుతుందండి" అన్నారు. తాతయ్యగారు పళ్లసెట్టు గబుక్కున తీసి నోట్లో పెట్టుకున్నారు. ఆ సంగతి పిల్లల దాకా వెళ్లనక్కర్లేదన్నట్టు నా వైపు చూశారు.

మాస్టారు ఎర్రసిరా కలం తీశారు. సున్నా కొట్టేసి అర మార్కు వేశారు. "పావు వచ్చింది గానీ ఎలా వచ్చిందో పిల్ల రాయలేదు గాబట్టి సగవండి" అన్నారు. మొత్తం ముప్పై నాలుగున్నర అయింది.

"అర ఎందుకండి మాకు? అరతో ఈ పిల్ల ఇంట్లో ఉండదండి, ముప్పై అయిదు కావాలండి," అన్నారు తాతయ్యగారు. అప్పుడు తెలిసింది, హాస్టలు సంగతి ఆయన మరిచిపోలేదు.

మాస్టారు నా వైపు తిరిగారు. కలం నా చేతికిచ్చారు. "ముప్పై నాలుగున్నరని దశాంశంలో రాయమ్మా. రాసి, దగ్గరి పూర్ణాంకానికి సవరించి చెప్పు. నేను చెప్పను, తవరూ చెప్పకండి."

మూడు, నాలుగు రాశాను. మామ్మ ముగ్గు కళ్లముందు కదిలింది. మూడుకీ నాలుగుకీ మధ్య చుక్క పెట్టాలని వేలు తహతహలాడింది. పెట్టలేదు. నాలుగు తరవాత ఒకే ఒక్క చుక్క పెట్టి, దాని పక్కన అయిదు వేశాను.

"చుక్క పక్కన అయిదొస్తే పైకి వెళ్లాలండి. ముప్పై అయిదండి."

"ఆయ్," అన్నారు మాస్టారు. అది మంచి ఆయ్. పేపరు మీద ముప్పై అయిదు వేసి చుట్టూ సున్నా చుట్టారు. ఆ పైన నడుమ భాగం తాతయ్యగారికి ఇచ్చి, అంచు మాస్టారూ నేనూ అక్కడే అరుగు మీద తినేశాం. మాస్టారు నమిలే చప్పుడికి తాతయ్యగారు ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికొచ్చాక నాన్నగారు పేపరు అటూ ఇటూ తిప్పి చూసి, "లెక్కల మాస్టారు వేసింది కాదనడానికి నేనెవర్ని" అని రేకుపెట్టె మళ్లీ అటకెక్కించారు. ఆ రాత్రి మామ్మ కుచ్చెళ్లు పట్టుకుని పడుకున్నప్పుడు కలిగిన సంతోషం, తరవాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఆ ఉద్యోగం తెలుగు టీచరుది. లెక్కల జోలికి మళ్లీ వెళ్లలేదు.

మూత సంచిలో వేసుకుని, పలివెల నుంచి అమలాపురంలో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. మనవరాలు హాసిని ఆరో తరగతి. సోఫాలో బోర్లా పడుకుని ట్యాబులో భిన్నాలు చేసుకుంటోంది. తెర మీద పిజ్జా ఒకటి తనంతట తనే ముక్కలవుతోంది. సరైన ముక్కని వేలితో తాకితే చప్పట్లు వినిపిస్తున్నాయి, తప్పు తాకితే బుడుంగుమంటోంది. వాసన లేదు, వాటాకి పోట్లాట లేదు, గారె అని రాసే మాస్టారు లేరు. పిల్ల మాత్రం నా కన్నా వందరెట్లు చురుకు, ఆ మాట ఒప్పుకోవాలి. మూత చూపించి ఈ కథంతా చెబితే, ట్యాబు పక్కన పడేసి వంటింట్లోకి పరిగెత్తి వాళ్లమ్మని రొట్టె వెయ్యమంది.

గ్యాసు పొయ్యి మీద, నాన్‌స్టిక్ పెనంలో, గాజుమూత కింద వేసిన రొట్టె అది. డొక్కల పొగ లేదు గానీ మినప్పిండి వాసన మాత్రం అదే. నేను వెళ్లేసరికి మా అమ్మాయి గట్టు దగ్గర అటు తిరిగి నిలబడి ఏదో నములుతోంది. ఏవిటే అంటే, "పెనం కాలిందో లేదో చూడ్డానికి చిన్నది వేసేనమ్మా" అంది. దాంట్లో జీడిపప్పు కనిపించింది. ఎవరు నేర్పారో!

హాసిని రొట్టె నడుమ మూత నొక్కి, గుండ్రం తీసి, నా పళ్లెంలో పెట్టింది. పెట్టి, తల పక్కకి వంచి చూసింది. వెళ్లి స్కేలు తెచ్చుకుంది.

"అమ్మమ్మా, ఇది పావు కాదు. మా పెనం పది అంగుళాలు. మూత నాలుగే. పదిలో నాలుగు అడ్డం, పదిలో నాలుగు నిలువు. వందలో పదహారు. నీకు పదహారు శాతమే వచ్చింది."

"ఇది చాల్లేవే."

"చాలకపోవడం కాదు. నీది పావు కదా!"

తన స్కూలు టిఫిన్‌డబ్బా మూత కొలిచింది. అయిదు అంగుళాలుంది. రెండో రొట్టె వచ్చేదాకా ఆగి, దాని నడుమ ఆ మూత నొక్కి, ఆ పావు నాకు పెట్టింది. నేను సెట్టు తీసి గిన్నెలో వేసి, మెత్తటి ముక్క పానకంలో ముంచుకున్నాను. ఎదురుగా పిల్ల అంచు కరకరా నమలడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు కాస్త తగ్గించవే అనబోయి, ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి ఆగిపోయాను. తాతయ్యగారి మీద నాకు అంత బెంగ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. కళ్లు తుడుచుకున్నాను.

పిల్ల చూసింది. తను కొరకని వైపు నుంచి ఎర్రగా వేగిన అంచు ముక్క ఒకటి విరిచి, నా పావు మీద పెట్టింది.

"కొసరు," అంది.

నాకు పళ్లు లేవని దానికి తెలుసు. తీసి పక్కన పెట్టబుద్ధి కాలేదు. ఆ ముక్క నోట్లో వేసుకుని, నానేదాకా అలాగే ఉంచుకున్నాను.